మనియార్డరు మీద రెండణాలు

తాడేపల్లిగూడెం,
1955 నవంబరు 6.

అక్కకి ఎలీయాజరు రాసేది. నేను బాగానే ఉన్నాను.

నీ నలభై రూపాయలూ హనుమంతరావుగారి కొట్లో డిపాజిట్టు కట్టేశాను. ఆరు నెలలు పనిచేస్తే మే నెలాఖరుకి మొత్తం తిరిగిచ్చేస్తారంట. నీ ట్రైనింగు ఫీజు కట్టాల్సింది జూన్ పదికి కదా. ఈలోగా వచ్చేస్తుంది, భయపడకు.

పనేంటంటే రేకుపెట్టెలు అమ్మటం. బట్టలు పెట్టుకునేవి, పచ్చరంగేసి మూత మీద పువ్వులుంటాయి. పెట్టె పద్దెనిమిది రూపాయలు. పెట్టె తీసుకున్నప్పుడు మూడు, తర్వాత నెలకి మూడు చొప్పున ఐదు నెలలు పార్టీ, అంటే కొన్నవాళ్లు, మనియార్డరు చెయ్యాలి. వచ్చిన ప్రతి రూపాయికీ నాకు రెండణాలు కమీషను. జీతం లేదు. కొట్టు వెనక పడుకోనిస్తారు. పార్టీ ఎవరన్నా వాయిదా ఎగ్గొడితే నా డిపాజిట్టులోంచి కోస్తారంట. ఎగ్గొట్టేవాళ్లకి అమ్మనులే.

నాతోపాటు ఇంకో నలుగురున్నారు. వాళ్లు గడగడా మాట్లాడతారు. నాకు నోరు పెగలదు. మొన్న గణపవరంలో ఒకళ్ల ఇంటిముందు నమూనా పెట్టె సైకిలుకి కట్టుకుని అరగంట నిలబడ్డాను. ఇంటావిడ బయటికొచ్చి, "ఎవరు కావాలి బాబూ?" అంది. "మంచినీళ్లండి" అన్నాను. తాగేసి వచ్చేశాను.

కార్డులో చోటయిపోయింది.
ఎలీయాజరు


కొల్లేటికోట,
14-11-55.

తమ్ముడు ఎలీయాజరుకి,

కార్డు అందింది. మంచినీళ్ల సంగతి మా తాతారావు మేష్టారికి చదివి వినిపించాను, కోప్పడకు. ఆయన బడికి హెడ్మాష్టరూ, ఊరికి పోస్టుమాష్టరూ కదా, ఎలాగూ కార్డులన్నీ ఆయన చేతిమీదుగానే వస్తాయి. "మీ తమ్ముడికి ముందు దాహం తీరాలమ్మా, తర్వాత అమ్ముతాడు" అని నవ్వారు.

నవ్వులకేం గానీ, నా సంగతి నీకు తెలుసు. ట్రైనింగు లేని టీచర్లని వచ్చే ఏడు నుంచి ఉంచేది లేదని ఇన్‌స్పెక్టరుగారు బడి రిజిస్టర్లో రాసి వెళ్లారు. ఏలూరు ట్రైనింగు స్కూల్లో నాకు సీటిస్తామన్నారు. ఆ నలభై తప్ప నా దగ్గర వేరే లేవు. మూడేళ్లు దాచినవి. ముదినేపల్లిలో అమ్మ ఊడ్పుల కూలి డబ్బులు అడగలేను. నీకు పని దొరకాలని ఇచ్చాను, ఇచ్చినందుకు విచారం లేదు. జూన్ పది మాత్రం మర్చిపోకు.

ఒకసారి ఇటు రా. ఈ ఏడు వానలకి కొల్లేరు ఇళ్లల్లోకి వచ్చింది. బుట్టల్లో పెట్టుకున్న బట్టలన్నీ కుళ్లిపోయాయి. మా వీధి వెంకటనరసమ్మగారు పెళ్లినాటి చీర ఎండలో పరిచి, మచ్చలు చూసుకుని రెండు రోజులు అన్నం తినలేదు. ఇక్కడ పెట్టెలు కావాలి. కానీ నా తమ్ముడివని చెప్పి అమ్మొద్దు. టీచరమ్మ మొహమాటానికి కొన్నామని ఎవరి చేతా అనిపించుకోలేను.

రోజూ ప్రార్థనలో నీ పేరు చెబుతున్నాను. కాస్త నోరు విప్పు.

అక్క,
రత్నకుమారి


తాడేపల్లిగూడెం,
12-12-55.

అక్కా,

నువ్వు సీటు కాగితాల కోసం ఏలూరు వెళ్లిన రోజే నేను కొల్లేటికోట వచ్చాను. బడికి తాళం ఉంది. నువ్వు లేకపోతే ఇంకా భయమేసింది.

దోనె దిగి గట్టు మీద నిలబడ్డాను. ఆడవాళ్లు చేపలు బాగుచేస్తున్నారు. ఎవరన్నా పలకరిస్తే బాగుండుననిపించింది. ఎవరూ పలకరించలేదు. ఏం చెయ్యాలో తెలీక నా పొడి తువ్వాలు పెట్టెలో పెట్టి, మూతేసి, పెట్టెని నీళ్లలోకి దించాను. తేలింది. నేను గట్టుమీద కూచున్నాను.

కాసేపటికి ఒకావిడ అరిచింది. "ఏవయ్యో, నీ పెట్టె కొట్టుకుపోతంది!"

నేను తలూపాను.

"మూగోడా ఏంటే వీడు?" అంది పక్కావిడతో. "ఏవయ్యా, పోతంటే చూస్తా కూచుంటావేంటి?"

ఇంతలో ఒక పెద్దాయన దోనెలో వెళ్లి పెట్టెని పట్టుకొచ్చాడు. పెద్దిరాజుగారంట. వేటాడిన చేపలు ఊరందరికీ పాళ్లు వేసేది ఆయనేనంట కదా. మూత తీసి, నా తువ్వాలుతో మొహం తుడుచుకుని, "పొడిగానే ఉందర్రా. ఎంత?" అన్నారు. చెప్పాను. అంతే అక్కా, నేను మాట్లాడింది. అరిచినావిడే ముందు కొన్నది. ఆవిడే నువ్వు చెప్పిన వెంకటనరసమ్మగారని తర్వాత తెలిసింది.

తొమ్మిది పెట్టెలు! మొన్న బండిలో, పడవలో తెచ్చి ఇచ్చేశాను, నీ తమ్ముణ్ణని తెలియకూడదని బడివైపు రాలేదు. తొమ్మిది మూళ్లు ఇరవయ్యేడు రూపాయలు చేత్తో తెచ్చి కొట్లో కట్టాను. మూడు రూపాయల ఆరణాలు కమీషను ఇచ్చారు. ఆ రోజు రెండు పూట్లా హోటల్లో భోంచేశాను.

ఎలీయాజరు


కొల్లేటికోట,
8-1-56.

తమ్ముడికి,

పెట్టెని నీళ్లలో వదిలిన అబ్బాయి టీచరమ్మ తమ్ముడని ఊరందరికీ తెలిసిపోయింది. నీ ముక్కూ నా ముక్కూ ఒకటేనంట, వెంకటనరసమ్మగారు కనిపెట్టారు.

నిన్న అందరూ మొదటి వాయిదా పంపారు. మేష్టారు పోస్టు బల్ల దగ్గర కూచుంటే నేను ఫారాలు నింపాను. తొమ్మిది ఫారాలు. వెంకటనరసమ్మగారు కొంగుముడి విప్పి మూడు రూపాయల రెండణాలు మూడుసార్లు లెక్కపెట్టి బల్ల మీద పోశారు. రసీదు ఇస్తే కళ్లకద్దుకుని, "ఇది నా పెట్టెలోనే పెట్టుకుంటాను తల్లీ, చీర మడతలో" అన్నారు. చీర పాడైనా ఇప్పుడు దానికో ఇల్లు దొరికింది.

ఈ నెల కమీషను ఎంతొచ్చిందో రాయి.

అక్క


తాడేపల్లిగూడెం,
22-1-56.

అక్కా,

మీ ఊరి మనియార్డర్లన్నీ అందాయి. కమీషను రెండు రూపాయల నాలుగణాలు వచ్చింది. గణపవరం వైపు కొత్తగా పెట్టెలేమీ అమ్ముడుపోలేదు.

ఈమధ్య రాత్రిళ్లు ఆకలెయ్యటం లేదు. ఒకపూట భోజనం సరిపోతుంది. ఒంటికి కూడా తేలిగ్గా ఉంది.

నువ్వు డబ్బుల సంగతి అస్తమానం అడక్కు.

ఎలీయాజరు


కొల్లేటికోట,
29-1-56.

ఎలీయాజరూ,

అడుగుతాను. పదహారేళ్లవాడికి రాత్రి ఆకలెయ్యటం లేదంటే నేను నమ్మను. మన ఇంట్లో గంజి గిన్నె అడుగు గీకేది ఎవరో నాకు తెలుసు.

నువ్వు ఐదో తరగతితో ఆపేసినా, నేను ఆ ఐదో తరగతికే లెక్కలు చెబుతాను. డిసెంబరులో ఇరవయ్యేడు రూపాయలకి మూడు రూపాయల ఆరణాలు వచ్చిందన్నావు. జనవరిలో వెళ్లిందీ ఆ ఇరవయ్యేడే. వచ్చింది రెండు రూపాయల నాలుగణాలు. రూపాయికి పదహారణాల లెక్కన పద్దెనిమిది అణాలు ఏమయ్యాయి? సినిమాలా? చుట్టలా? ఏదైనా పరవాలేదు, తిడతాను, మర్చిపోతాను. అబద్ధం మాత్రం రాయొద్దు.

అక్క


తాడేపల్లిగూడెం,
3-2-56.

అక్కా,

సినిమా కాదు. ఒట్టు. చుట్ట వాసనకే దగ్గొస్తుంది నాకు.

కొట్లోనే కోశారు. మా గుమాస్తా బుచ్చిబాబుగారు కమీషను ఇచ్చేటప్పుడు ఒక్కో మనియార్డరుకీ రెండణాలు తీసేశారు. నేను ఊరికే నిలబడితే ఆయనే చెప్పారు. "ఏంట్రా చూస్తావ్? మనియార్డరు ఊరికే వస్తుందా? పోస్టాఫీసోళ్లకి రెండణాలు కమీషను. డబ్బు తెప్పించుకున్న ఖర్చు. నీ పార్టీల డబ్బే కాబట్టి నీ కమీషన్లోంచే పోవాలి" అన్నారు. మిగతా నలుగురికీ అంతే. ఎప్పట్నుంచో కోస్తున్నారంట. విశ్వాసం అని మాలో పెద్దోడు, మూడేళ్ల నుంచి ఉన్నాడు, అతనూ ఏమీ అనడు.

ఆరణాలు నాకు రావాల్సిన చోట నాలుగణాలు వస్తే, మూడింట్లో ఒక వంతు పోయినట్టే కదా. అందుకే రాత్రి భోజనం మానేశాను. నీకు చెబితే బాధపడతావని రాయలేదు. పోస్టాఫీసు రూలుకి ఎవరేం చేస్తారు.

ఎలీయాజరు


కొల్లేటికోట,
8-2-56.

తమ్ముడూ,

నీ ఉత్తరం పోస్టు బల్ల దగ్గరే చదివాను. చదివి, మేష్టారి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

ఒరేయ్, ఆ రెండణాలు ఇక్కడే కట్టారు! మనియార్డరు కమీషను పంపేవాళ్లే కడతారు, ఫారంతోపాటు బల్ల మీద. నేను కళ్లతో చూశాను. వెంకటనరసమ్మగారు మూడు రూపాయల రెండణాలు లెక్కపెట్టారని నీకు రాశాను కూడా. అందుకునేవాళ్లకి పైసా ఖర్చు లేదు. పోస్టుమేను తెచ్చి చేతిలో పెడతాడు, సంతకం పెట్టి తీసుకోవటమే. పార్టీలు ఒకసారి కట్టినదాన్ని మీ కొట్లో నీ దగ్గర మళ్లీ కోస్తున్నారు. వెళ్లి హనుమంతరావుగారిని అడుగు. మర్యాదగానే అడుగు. కానీ అడుగు.

ఇంకో సంగతి. నీ కడుపు మాడుతోందని పెద్దిరాజుగారి దగ్గర నోరుజారాను. ఆయన అందరినీ పిలిచి, "విడివిడిగా ఎందుకర్రా? తొమ్మిదిమందిదీ కలిపి ఒక్కటే పంపుదాం. మనకీ ఖర్చు తగ్గుద్ది, ఆ కొట్టోడు కోసినా ఒక్కసారే కోస్తాడు" అన్నారు. నిజమే. పదేసి రూపాయలకి రెండణాలు కమీషను కాబట్టి విడిగా అయితే పద్దెనిమిది అణాలు, ఇరవయ్యేడూ కలిపి పంపితే ఆరణాలే. నిన్ననే పంపేశాం.

ఫారంతో కొట్టుకి వెళ్లే కూపను మీద తొమ్మిది పేర్లూ రాయబోయాను. వెంకటనరసమ్మగారు ఊరుకోలేదు. "మా పేర్లెందుకమ్మా? పెద్దిరాజు పేరుంటే చాలదూ? చేపలమ్మిన డబ్బు ఆయన చేతికొస్తే మేం ఎప్పుడన్నా పేర్లు రాయించుకున్నామా?" అన్నారు. మిగతావాళ్లూ అదే మాట. పేర్లు రాస్తే పెద్దిరాజుగారిని నమ్మనట్టుంటుందన్నారు. సరేనని ఆయన పేరొక్కటే రాశాను.

అక్క


తాడేపల్లిగూడెం,
4-3-56.

అక్కా,

నువ్వు కూచుని చదువు.

ఆ ఇరవయ్యేడు రూపాయలూ బుచ్చిబాబుగారు పెద్దిరాజుగారి ఖాతాలోనే రాసేశారు. ఆయన బాకీ తీరిపోయి పదిహేను రూపాయలు ఎక్కువొచ్చిందంట, ఆ మాట ఆయనకి కార్డు కూడా రాశారు. మిగతా ఎనిమిదిమంది వాయిదా ఎగ్గొట్టారని రాశారు. ఎనిమిది మూళ్లు ఇరవైనాలుగు. నా డిపాజిట్టులోంచి కోసేశారు. ఈ నెల కమీషను కూడా ఆపేశారు.

నీ నలభైలో ఇప్పుడు పదహారు ఉన్నాయి.

నేను అడగలేదు. అడుగుదామనే వెళ్లాను. హనుమంతరావుగారు పేపరు చదువుతున్నారు. దించి, "ఏంటి?" అన్నారు. "ఏం లేదండి" అన్నాను. రెండణాల సంగతీ అడగలేదు, దీని సంగతీ అడగలేదు. బయటికొచ్చి సైకిలు తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

నాకు ఈ పని చేతకాదు. నీ ఫీజు పోగొట్టాను. నువ్వు వచ్చెయ్యమంటే వచ్చేస్తాను.

ఎలీయాజరు


కొల్లేటికోట,
12-3-56.

తమ్ముడూ,

పోగొట్టింది నువ్వు కాదు. పేర్లు రాయకుండా పంపింది నేను. పిల్లలు లెక్క చేసి పేరు రాయకపోతే సున్నా వేసేదాన్ని, ఫారం మీద నేనే రాయలేదు. ఈ తప్పు నాది, నీ నెత్తిన వేసుకోవద్దు.

సంగతి చెబితే పెద్దిరాజుగారి మొహం చూడలేకపోయాను. ఊరి డబ్బు తను తిన్నట్టు కాగితం మీద ఉందంటే ఆయనకి అన్నం సయించలేదు. వెంకటనరసమ్మగారు మాత్రం ఆ కార్డు నాచేత చదివించుకుని, "పద్దెనిమిది రూపాయల పెట్టెకి ముప్పైమూడు కట్టాడా పెద్దిరాజు? ఆ గుమాస్తాకి బుర్రుందా లేదా?" అన్నారు.

దీంతోపాటు రిజిస్టరు కవర్లో పంపుతున్నాను: జనవరి రసీదులు తొమ్మిది. అందరివీ పెట్టెల్లోనే భద్రంగా ఉన్నాయి. ఒక్కోదాని వెనకా ఎవరెంత కట్టారో మేష్టారు తెలుగులో రాసి పోస్టాఫీసు ముద్ర కొట్టారు. ఫిబ్రవరి డబ్బు తొమ్మిదిమందిదీ అని కాగితం, పెద్దిరాజుగారి సంతకం, ఎనిమిది వేలిముద్రలు. బుచ్చిబాబుగారు రాసిన కార్డు. మార్చి వాయిదా ఎవరిది వాళ్లే విడిగా పంపేశారు, పేర్లతో.

నేనొచ్చి అడగగలను. వస్తే ఈసారికి ఇచ్చేస్తారు, వచ్చే నెల మళ్లీ కోస్తారు. అందుకని రాను. నువ్వు మాట్లాడలేవు, సరే. మాట్లాడకుండా తొమ్మిది పెట్టెలు అమ్మినవాడివి. ఎలా అమ్మావో గుర్తు తెచ్చుకో.

సీటు ఖాయం చేస్తూ ఏలూరు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ పది దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. నిన్ను భయపెట్టటానికి కాదు, దాచకూడదని రాస్తున్నాను.

అక్క


తాడేపల్లిగూడెం,
3-4-56.

అక్కా,

ఈసారి కార్డు చాలదని కవరు కొన్నాను.

నిన్న కమీషన్లు ఇచ్చే రోజు. మేం ఐదుగురం ఉన్నాం, పెట్టెలు బేరం చేస్తున్న వాళ్లు ముగ్గురున్నారు. నా నమూనా పెట్టె తీసుకెళ్లి హనుమంతరావుగారి బల్ల మీద, ఆయన పేపరు మీదే పెట్టాను. మూత తీశాను. లోపల రసీదులు తొమ్మిదీ వరసగా పరిచాను, వెనకవైపు పైకుండేలా. వాటి పక్కన వేలిముద్రల కాగితం, కార్డు.

"ఏంట్రా ఇది?" అన్నారు.

"చదవండి" అన్నాను.

"నువ్వే చెప్పరాదూ?"

"చదవండి అండి" అన్నాను మళ్లీ. ఇంకేం రాలేదు. పక్కకి మాత్రం జరగలేదు.

ఆయన చదవలేదు. విశ్వాసం వచ్చి తొంగిచూసి, ఒకటి తీసి పైకే చదివాడు. "మూడు రూపాయలు. మనియార్డరు కమీషను రెండణాలు. రెండూ కట్టినవారు వెంకటనరసమ్మ." అది పెట్టేసి ఇంకోటి తీశాడు. మూడు రూపాయలు, రెండణాలు. ఇంకోటి. నాలుగోదానికి బుచ్చిబాబుగారికి దగ్గొచ్చింది. విశ్వాసం ఆగలేదు, తొమ్మిదీ చదివాడు. బేరం చేస్తున్నవాళ్లు బేరం ఆపేసి వింటున్నారు.

"డబ్బు తెప్పించుకోవాలంటే కొట్టుకి ఖర్చులుండవా ఏంటయ్యా?" అన్నారు హనుమంతరావుగారు.

"ఏం ఖర్చండి?" అన్నాడు విశ్వాసం. "పోస్టుమేను నడిచొచ్చి బల్లమీద పెడతాడు. మీరు సంతకం పెడతారు. సిరా ఖర్చా? మూడేళ్లు నాతో సిరా కొనిపించారండీ?"

బేరానికొచ్చిన పెద్దాయన ఒకాయన నవ్వేశాడు. ఆయన చేతిలోకి ఎలా వెళ్లిందో, పెద్దిరాజుగారి కార్డు ఉంది. "ఏవండీ, ఈ పెట్టెకి ముప్పైమూడు రూపాయలు ఇచ్చే మనిషుంటే నాకూ చూపించండి. నా దగ్గరా రెండు పాత పెట్టెలున్నాయి" అన్నాడు.

హనుమంతరావుగారు ఖాతా పుస్తకం తెప్పించారు. పెద్దిరాజుగారి పేరు మీద ఉన్నది కొట్టేయించి, తొమ్మిది పేర్లూ బుచ్చిబాబుగారి చేత వరసగా రాయించారు. నా ఇరవైనాలుగూ మళ్లీ డిపాజిట్టులో వేయించారు. జనవరిలో కోసిన పద్దెనిమిది అణాలు, ఫిబ్రవరి కమీషను ఇచ్చి పుస్తకం మూసేశారు.

"మార్చిదండి" అన్నాను.

అది నా నోట్లోంచే వచ్చింది అక్కా. ఆయన నావంక చూసి మళ్లీ తెరిచారు. మొత్తం ఏడు రూపాయల పధ్నాలుగణాలు.

ఇకనుంచి ఎవరికీ మనియార్డరు ఖర్చు కొయ్యరంట. పాతవి మాత్రం రసీదులు చూపించినవాళ్లకే ఇస్తానన్నారు. మూడేళ్ల రసీదులు ఏ ఊళ్లో ఎవరు దాచుంటారు? అయినా విశ్వాసం ఇవాళ పొద్దున్నే సైకిలేసుకుని గణపవరం వెళ్లాడు.

నన్ను మాత్రం రేపట్నుంచి ఊళ్లు తిరగొద్దన్నారు. "నీ డిపాజిట్టు మే దాకా ఎందుకు, ఇప్పుడే పట్టుకుపో" అని నలభై లెక్కపెట్టి ఇచ్చేశారు. మిగిలిన రెండు వాయిదాల కమీషను నాకు రాదు. అడగలేదు. నిన్నటికి ఆ మాత్రమే నోరు పెగిలింది నాకు.

పని లేకుండా లేను. మా పెట్టెలు తయారుచేసే సూర్రావుగారు, రైలుగేటు దగ్గర షెడ్డులో, టంకం వెయ్యటానికి మనిషి కావాలన్నారు. రోజుకి పన్నెండణాలు, సాయంత్రం చేతికిస్తారు. షెడ్డులో రేకు చప్పుడికి ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నాకు బాగుంది. నిన్న రాత్రి భోజనం కూడా చేశాను.

నీ నలభై ఇవాళే మనియార్డరు చేశాను. నీ పేరు, ఊరి పేరు నేనే రాశాను, కూపను మీద "రత్నకుమారి అక్క ట్రైనింగు ఫీజు" అని కూడా. కౌంటరు దగ్గర గుమాస్తా, "నలభై రూపాయల ఎనిమిదణాలు" అన్నాడు. ఇచ్చాను. నువ్వు మేష్టారి దగ్గర నలభై పూర్తిగా లెక్కపెట్టి తీసుకో. ఆ ఎనిమిదణాలు నేనే కట్టాను. పంపేవాళ్లే కట్టాలి కదా.

రసీదు నా దగ్గరుంది.

తమ్ముడు
ఎలీయాజరు